చప్పిడి టీ

డిపో డాక్టరు కాగితం వంక చూసి
"గీత మీదున్నావమ్మా, ఇంకా దాటలేదు" అన్నాడు.
ఇరవయ్యొక్క ఏళ్లుగా
ఫుట్‌బోర్డు మీదవాళ్లని లోపలికి రమ్మని అరిచేదాన్ని,
నాకు మాత్రం దిగిపొమ్మని విజిలేశాడు.

ఆ రోజు నుంచీ పంచదార బంద్.

రోజుకి ఆరు టీలు, టీకి రెండు చెంచాలు,
మధ్యలో ఎవరో ఒకరి పుట్టినరోజు చాక్లెట్టు,
చిల్లర లేదని కొట్టువాడు అంటగట్టిన పిప్పరమెంటు బిళ్లలు.
లెక్కేస్తే బస్తాలకి బస్తాలు మోశాను
లగేజీ టికెట్టు కొట్టకుండా.

మూడో రోజు
పోర్టులో క్రేనేదో
నా కుడి కణత పట్టుకుని పైకెత్తుతోంది.
కాన్వెంట్ జంక్షన్లో ఎర్రలైటు పడితే ఏడుపొచ్చింది.
లైటుకి ఏడవడమేమిటి?
చేతిలో మిషను వణికింది.
గోపాలపట్నం అడిగినావిడకి కంచరపాలెం కొట్టాను.
రెండొందల నోటిచ్చిన ముసలాయన మీద
"చిల్లర తెచ్చుకోలేవా, ఇక్కడ బ్యాంకు పెట్టానా" అని
బస్సంతా తిరిగి చూసేలా విరుచుకుపడ్డాను.
ఆయనేమీ అనలేదు.
నోటు విప్పి, మళ్లీ అదే మడత మీద మడిచాడు.

ఆ రాత్రి రెండింటికి లేచి
పంచదార డబ్బా మూత తీసి వాసన చూశాను.
పంచదారకి వాసనే లేదు.
ఇన్నేళ్లకి తెలిసింది.

పాత పోస్టాఫీసు దగ్గర యర్నమ్మ టీ కొట్టు.
"షుగరేటి అక్కా నీకు?"
"లేదే."
"లేకపోతే మరెందుకు మానీసినావు?"
"లేదు గనకే మానేశాను."
ఆవిడకి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే
ఆ పూట నాకూ పూర్తిగా అర్థం కాలేదు.
నోట్లో తడిసిన అట్టపెట్టె రుచి.
డ్రైవరు చిన్నంనాయుడు తన గ్లాసు
నాకు కనబడకుండా స్టీరింగు వెనక పెట్టుకు తాగుతున్నాడు,
మేష్టారికి దొరక్కుండా బీడీ కాల్చే కుర్రాడిలా.

ఐదో రోజు ఎన్‌ఏడీ దగ్గర
అనకాపల్లి బెల్లం దిమ్మలు రెండు ఎక్కాయి,
ఎండకి చెమర్చిన గోనెలో.
వాసన ముందు సీట్లకీ వెనక సీట్లకీ
టికెట్టు లేకుండా తిరిగింది.
లగేజీ కొట్టడానికి వంగి
కావాల్సినదానికన్నా కాస్త ఎక్కువసేపే వంగి ఉన్నాను.

సాయంత్రం సింహాచలం కొండ దిగిన కొత్త పెళ్లికూతురు
ప్రసాదం లడ్డు నా అరచేతిలో పెట్టింది.
చాక్లెట్టుకైతే వద్దనొచ్చు.
అప్పన్నకేం చెప్పను, గీత మీదున్నానని?
కళ్లకద్దుకుని కాగితంలో చుట్టి
క్యాష్ బ్యాగు అడుగున దాచాను.

రాత్రి డిపోలో లెక్క అప్పజెబుతుంటే
క్యాషియరు "అమ్మో!" అని చెయ్యి విదిలించాడు.
పది రూపాయల నోట్ల మీద చీమలు,
బారులు తీరి, ఎవరి సీట్లో వారు,
ఒక్కటంటే ఒక్కటి ఫుట్‌బోర్డు మీద లేదు.
నవ్వొచ్చింది. ఐదు రోజుల్లో మొదటిసారి.
లడ్డు డిపో గోడ వారన వాటికే వదిలేశాను.

తలనొప్పి ఎప్పుడు దిగిపోయిందో చూడలేదు.
రద్దీలో దిగినవాళ్లు గుర్తుండరు కదా.
ఒక మధ్యాహ్నం బీచ్ స్టాపులో బస్సు ఆగి ఉండగా
ఉడకబెట్టిన వేరుశనక్కాయ ఒలిచి నోట్లో వేసుకుంటే
ఉప్పు కింద, బాగా కింద,
సన్నగా ఒక తీపి.
చిన్నంనాయుడికి చెబితే
తనూ ఒకటి నమిలి చూసి
"వేరుశనక్కాయలాగే ఉంది" అన్నాడు.

ముసలాయన మళ్లీ ఎక్కాడు నిన్న.
ఆయన కోసం రెండు వారాలుగా
ఖాకీ జేబులో నూట ఎనభై విడిగా కట్టి ఉంచాను.
నన్ను చూడగానే గుప్పిట తెరిచాడు.
సరిగ్గా ఇరవై. అన్నీ నాణేలే.
ఎక్కడి నుంచి పట్టుకొచ్చాడో, వెచ్చగా ఉన్నాయి.

నోటిదాకా వచ్చిన మాట నోట్లోనే ఉండిపోయింది.
"కిటికీ పక్కన ఖాళీ ఉంది, కూర్చో బాబూ" అన్నాను.